డ్రాప్ బాక్స్‌లో పడ్డ పేర్లు: హెడ్ మేడం జవాబులు

2022లో సంక్రాంతికని జనవరి 8న మూసిన బడులు ఒమిక్రాన్ కరోనా పుణ్యమా అని ఫిబ్రవరి 1న గానీ తెరుచుకోలేదు. ఆ మూడు వారాల్లో నాకు వచ్చిన ఉత్తరాలు మామూలు నెలకు రెట్టింపు. సగానికి పైగా ఆడపిల్లల గురించే. అందుకే 317 జీవో (ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు సర్దిన ఉత్తర్వు) మీద, బదిలీల మీద వచ్చినవాటిని వచ్చే నెలకు దాచి, ఈసారి వీటికే చోటిస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక మాట. నేను నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతంలో, జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్‌ఎంగా పనిచేసి 2020 డిసెంబర్‌లో రిటైరయ్యాను. ఇంకో నాలుగు నెలలు ఆలస్యంగా పుట్టి ఉంటే, 58 నుంచి 61కి పెంచిన రిటైర్మెంట్ వయసు నాకూ వర్తించేది, మరో మూడేళ్లు బడిలోనే ఉండేదాన్ని. మా అమ్మ తొందరపడింది.

మేడం, నేను సీనియర్ స్కూల్ అసిస్టెంట్‌ని. పోయిన ఆగస్టు నుంచి ఇన్‌ఛార్జి హెచ్‌ఎంగా ఉంటున్నాను. 2020 మార్చిలో మా ఎనిమిదో తరగతిలో 34 మంది ఆడపిల్లలుండేవాళ్లు. ఆ బ్యాచే ఇప్పుడు పదో తరగతి. వస్తున్నది 22 మంది. నలుగురు టీసీ తీసుకున్నారు. మిగతా ఎనిమిది మంది సంగతి క్లాస్ టీచర్‌కు తెలుసు, ఆయన 317లో వేరే జిల్లాకు వెళ్లిపోయారు. పిల్లల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ రికార్డు చైల్డ్ ఇన్ఫో, టీకాల లెక్క, భోజనం, ఊడ్చే మనిషి లేకపోవడం, అన్నీ నా మీదే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక ఇన్‌ఛార్జి హెచ్‌ఎం, నాగర్‌కర్నూల్ జిల్లా

ముందు ఆ కంప్యూటర్ కట్టేయండమ్మా. చైల్డ్ ఇన్ఫో మీకు అంకె చెబుతుంది, పిల్ల ఎక్కడుందో చెప్పదు. కట్టేసే ముందు ఒక్కటి మాత్రం చూడండి. టీసీ తీసుకున్న ఆ నలుగురి పేర్లు ఇంకా డ్రాప్ బాక్స్‌లోనే (టీసీ ఇచ్చిన పేరు కొత్త బడి తీసుకునేదాకా అందులో ఆగుతుంది) ఉన్నాయా, లేక ఇంకో బడి వాళ్లు తీసుకున్నారా? బాక్స్‌లోనే ఉంటే ఆ పిల్ల మీ బడిలో లేదు, ఏ బడిలోనూ లేదు. అప్పుడు మీరు వెతకాల్సింది ఎనిమిది మందిని కాదు. 2020 నవంబర్‌లో నేను చూసినప్పుడు, గురుకులంలో సీటొచ్చిందని చెప్పి టీసీ పట్టుకుపోయిన ఇద్దరమ్మాయిలు ఇంకా బాక్స్‌లోనే ఉన్నారు. ఒకమ్మాయి పుణేలో, తల్లిదండ్రులు పనిచేస్తున్న బిల్డింగ్ దగ్గర తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతోంది. రెండో అమ్మాయి ఊళ్లోనే ఉంది. బడి గోడకు మూడిళ్ల అవతల.

తర్వాత తెల్లకాగితం తీసుకుని పేర్లు చేత్తో రాయండి. పక్కన తండ్రి పేరు కాదు, తల్లి పేరు రాయండి. రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబర్ తండ్రిదో అన్నదో అయి ఉంటుంది. చేస్తే 'రేపటి సంది పంపిస్తం మేడం' అంటారు. నేను నలభై ఫోన్లు చేసి నలభై రేపులు పోగేసుకున్నాక గానీ నాకు బుద్ధి రాలేదు. క్లాస్ టీచర్ లేరని దిగులు పడకండి. ఆయనకు ఒక ఫోన్ చేయండి, జిల్లా మారినంత మాత్రాన పిల్లల పేర్లు మరిచిపోరు. అంతకంటే ముందు మీ బడిలో వంట చేసే అమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ ఇంట్లో ఏ పిల్ల ఏం చేస్తోందో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు. అయిదు నిమిషాల్లో మీ కాగితం నిండుతుంది.

నిండాక చూడండి, ఎనిమిది మందికీ ఎనిమిది కారణాలుంటాయి. 'కరోనా వల్ల మానేశారు' అన్న మాట నేను ఒప్పుకోను. కరోనా బడిని మూసింది. పిల్లను ఆపింది ఇంకోటి.

మా దగ్గర ఆ ఇంకోటి సీడు పత్తి. నడిగడ్డలో విత్తన కంపెనీల కోసం పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం పూట ఆడ మొక్కల మీది మొగ్గలు గిల్లి గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కోదానికీ రాస్తారు. క్రాసింగ్ అంటారు. ఆగస్టులో మొదలైతే రెండు నెలల పైచిలుకు ఒక్క రోజు తప్పకూడదు. చిన్న వేళ్లు కావాలి, వంగకుండా మొగ్గ అందే ఎత్తు కావాలి. అంటే ఆరు నుంచి పదో తరగతి చదివే ఆడపిల్ల కావాలి. మామూలు సంవత్సరాల్లోనే ఆగస్టు వచ్చిందంటే మా హాజరు పట్టీ పల్చబడేది. 2020లో అసలు బడే లేదు. కంపెనీలకూ రైతులకూ మధ్య ఉండే ఆర్గనైజర్లకు ఇంకేం కావాలి?

ఆ ఏడాది సెప్టెంబర్ 1న ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. ఒక్కో టీచర్‌కు పదిమంది చొప్పున పిల్లల్ని పంచాను. 'ఇవాళ పాఠం చూశావా' అని రోజూ అడిగి రాసుకోవాలి. మొదటి వారం కాగితాలు చూస్తే దాదాపు అందరూ చూసేశారు. నాకు అనుమానం వచ్చింది. మర్నాడు ఏడింటికే స్కూటీ మీద చేలవైపు వెళ్లాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఆరుగురు మొక్కల వరసల్లో కనిపించారు. మాస్కు ఉండటంతో ముందు నన్ను పోల్చుకోలేదు. పోల్చుకున్నాక ఒకమ్మాయి చేతిలోని మగ పువ్వులు వీపు వెనక దాచుకుంది, పరీక్షలో చిట్టీతో దొరికినట్టు.

నేను వాళ్లలో ఒకమ్మాయి తల్లితో పోట్లాటకు దిగాను. ఆమె అంతా విని, 'నేను చేనికొస్తే పిల్ల ఇంట్ల ఒక్కతే ఉండాలె గద మేడం. బడి ఉన్నప్పుడు బడి కాస్తుండె. ఇప్పుడెవరు కాయాలె?' అంది. కూలి డబ్బుల ఊసెత్తుతుందని జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాను, అది నోట్లోనే ఉండిపోయింది. కూలి అక్కర్లేదని కాదు. లాక్‌డౌన్ తర్వాత ఆ ఇళ్లలో ఉప్పూ నూనే ఆ డబ్బుతోనే. కానీ మొదటి కారణం భయం. ముప్పై రెండేళ్లు బడి అంటే పాఠమనే అనుకున్నాను నేను.

ఆ మాట పట్టుకుని వాళ్ల వాడలో అడిగితే, ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్న మా పాత విద్యార్థిని ఒకతె దొరికింది. ఇంట్లో టీవీ ఉంది. వాళ్లమ్మ వసారా ఇచ్చింది. పాఠం టైముకు ఏడుగురు అమ్మాయిలు అక్కడ చేరేవాళ్లు, మాస్కులతో, ఎడంగా కూర్చుని. బడి తెరవడానికి అనుమతి లేదు కాబట్టి అది బడి కాదు. నేనెప్పుడూ దాన్ని కాగితం మీద పెట్టలేదు. పొద్దున క్రాసింగ్‌కు పోయి పదకొండింటికి వచ్చేవాళ్లూ ఉన్నారు. పద్నాలుగు నిండని ఇద్దరి గురించి కార్మిక శాఖకు రాశాను. మిగతావాళ్లకు సగం పూటైనా దక్కిందని నోరు మూసుకున్నాను. ఇది ఆదర్శమని మీకు చెప్పడం లేదు, నేను చేసింది చెబుతున్నాను. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచేనాటికి నేను రిటైరయ్యాను. ఆ ఏడుగురిలో అయిదుగురు బెంచీల మీద ఉన్నారని వంటమ్మ ఫోన్ చేసి చెప్పింది.

కాబట్టి మీ ఎనిమిది మంది కోసం రోజుకు ఒక్క ఇల్లు. ఒక్కటే. బడి విడిచాక, ఒక లేడీ టీచర్‌నో ఆశా వర్కర్‌నో వెంటబెట్టుకుని వెళ్లండి. 'ఎందుకు పంపట్లేదు' అని కాకుండా 'ఏం ఇబ్బంది వచ్చింది' అని అడగండి.

ఇక మీ నిద్ర. చైల్డ్ ఇన్ఫో, టీకాల లెక్క కంప్యూటర్ వచ్చిన టీచర్‌కు అప్పగించండి. తప్పులు పోతే దిద్దుకోవచ్చు. ఊడ్చే మనిషి సంగతి సర్పంచ్‌కు, ఎంఈఓకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకోండి, నోటి మాట ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత మీలాంటి ఇన్‌ఛార్జిలు ఇద్దర్ని పక్క మండలాల్లో పట్టుకోండి. రాత్రి ఎనిమిదింటికి పావుగంట ఫోన్. సర్క్యులర్ల గురించి మాట్లాడకూడదు, అదొక్కటే నియమం. 2020 జూలైలో నేను అయిదుగురితో మొదలుపెట్టాను. ఇప్పుడు పదకొండు మందిమి, నేను రిటైరైనా వదలడం లేదు. కొన్ని రాత్రులు ఎవరూ ఏమీ మాట్లాడరు, కూర ఏం వండారో చెప్పుకుని పెట్టేస్తాం. మీకు నంబర్ పంపమని పత్రిక వాళ్లకు చెప్పాను.

మా చెల్లికి పదహారు. పదో తరగతి. 'పెళ్లి వయసు 21 చేస్తరంట, ఇప్పుడే చేసేస్తే పోతది' అని నాన్న సంబంధం చూశాడు. మార్చిలో ముహూర్తం. కరోనా కాబట్టి తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో అయిపోతుందట. పోలీసులంటే అమ్మ ఏడుస్తుంది. నేనేం చేయాలి?
– ఒక అక్క, వికారాబాద్ జిల్లా

21 చేసే బిల్లు 2021 డిసెంబర్ 21న లోక్‌సభలో పెట్టారు, కమిటీకి పంపారు. అది చట్టం కాలేదు. అయినా రెండేళ్ల తర్వాతే అమల్లోకి వచ్చేలా రాశారు. మీ నాన్నగారి తొందరకు అర్థం లేదు. మీ చెల్లికి అడ్డు ఇరవై ఒకటి కాదు, పద్దెనిమిది. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఈ పెళ్లి చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మీ నాన్న, అవతలి వాళ్లు, పెళ్లి చేయించే పంతులు అందరూ అందులోకి వస్తారు. పెళ్లికి ప్రభుత్వమిచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు కూడా పద్దెనిమిది నిండిన పెళ్లికూతురికే. నా అనుభవంలో జైలు మాట కంటే ఈ మాట చాలామంది తండ్రుల చెవికి ఎక్కింది. నాకు నచ్చకపోయినా వాడుకున్నాను.

'ఏళ్లు కలిపి రాయించుకుంటాం' అంటారేమో. వయసు తేల్చాల్సి వస్తే ముందు చూసేది బడి రికార్డునే. ఒకసారి ఒకాయన నా టేబుల్ మీద స్వీట్ల డబ్బా పెట్టి, బోనఫైడ్ సర్టిఫికెట్‌లో ఒక్క అంకె మార్చమన్నాడు. మా ఊళ్లో మర్యాదస్తుడే. అడ్మిషన్ రిజిస్టర్ తెచ్చి, కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చినప్పుడు ఆయన పెట్టిన సంతకం చూపించాను. స్వీట్ల డబ్బా అక్కడే వదిలేసి వెళ్లాడు.

మీరు చేయాల్సింది రెండు. రేపే చెల్లి బడికి వెళ్లి హెచ్‌ఎంతో ఒంటరిగా మాట్లాడండి. అంగన్‌వాడీ టీచర్‌ను తీసుకుని ఆమె మీ ఇంటికి రావాలి, వచ్చి 'పెళ్లి మానుకోండి' అనకూడదు, 'పరీక్షలయ్యేదాకా ఆగండి' అనాలి. పరీక్షలైతే ఫలితాలు, ఫలితాలొస్తే ఇంటర్ సీటు. అలా అలా పద్దెనిమిది దాటించిన పిల్లలు నాకు నలుగురున్నారు. ఆ మాటకు వారంలోగా మీ నాన్న మెత్తబడకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా తీస్తారు. చేసింది ఎవరో మీ ఇంట్లో చెప్పరు. తహసీల్దారు, సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే అధికారి) వచ్చి ముందు మాట్లాడతారు. అవసరమైతే కోర్టు నుంచి ఆపమని ఉత్తర్వు తెస్తారు. అమ్మ ఏడుస్తుంది, నిజమే. ఓ వారం ఏడుస్తుంది.

మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతుండగా లాక్‌డౌన్‌లో ఒకమ్మాయికి పెళ్లి చేశారు. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు, ఏడు నెలల పాప. పుట్టింటికి వచ్చేసింది, పదో తరగతికి వస్తానంటోంది. పేరు ఇంకా రిజిస్టర్‌లోనే ఉంది. 'మిగతా ఆడపిల్లలు చెడిపోతారు' అని కొందరు తల్లిదండ్రులు నా గదికి వచ్చి గొడవ చేశారు. మా స్టాఫ్‌లో కూడా ఇద్దరిది అదే మాట.
– ఒక హెచ్‌ఎం, నల్గొండ జిల్లా

రానివ్వండి సార్. పెళ్లయిన పిల్ల, తల్లయిన పిల్ల బడికి రాకూడదని మన దేశంలో ఏ చట్టమూ లేదు.

మీ గదికి వచ్చినవాళ్లకు ఒక దేశం కథ చెప్పండి. పశ్చిమ ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అని ఉంది. 2014లో ఎబోలా వచ్చి అక్కడ దాదాపు తొమ్మిది నెలలు బడులు మూశారు. ఆ నెలల్లో ఎందరో ఆడపిల్లలు గర్భవతులయ్యారు. 2015 ఏప్రిల్‌లో బడులు తెరిచినప్పుడు, కడుపు కనిపిస్తున్న పిల్లలు బడికి రాకూడదని, పరీక్షలు కూడా రాయకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది. చెప్పిన కారణం మీవాళ్లు చెప్పిందే, మిగతావాళ్లు చెడిపోతారని. అయిదేళ్లు సాగింది. 2019 డిసెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశాల కోర్టు అది తప్పని తీర్పు ఇచ్చింది. 2020 మార్చి 30న నిషేధం ఎత్తేశారు, మన దగ్గర దేశమంతా లాక్‌డౌన్ మొదలైన వారానికి. ఒక రోగం పోయి ఇంకో రోగం వచ్చేదాకా పట్టింది వాళ్లకు.

ఆ అమ్మాయిని ఓపెన్ స్కూల్లో రాసుకోమని పంపించేద్దామని మీ స్టాఫ్ అనవచ్చు. ఆమె అడిగితే మంచిదే. మీకు సుఖమని పంపితే మాత్రం అది గెంటడమే. ఒక పీరియడ్ మధ్యలో పాపకు పాలివ్వడానికి ఇంటికెళ్లి వస్తానంటే వెళ్లనివ్వండి. మా రోజుల్లో మగ టీచర్లు టీ తాగడానికి అంతకంటే ఎక్కువ సేపే వెళ్లేవాళ్లు.

నేను పదో తరగతి. మ్యాథ్స్ అంతా మరిచిపోయాను. టీచర్ అడిగితే అందరూ నవ్వుతారు. ఫోన్ అన్నయ్య దగ్గరే ఉంటుంది. ఇంకో విషయం, మా బడి బాత్రూంలో నీళ్లు రావు, అందుకని నెలకు నాలుగు రోజులు నేను బడికి రాను. పేరు రాయొద్దు మేడం.

రాయను తల్లీ. ముందు ఒక లెక్క చేద్దాం, మ్యాథ్స్ కాదు, తేదీల లెక్క. నీ ఎనిమిదో తరగతి 2020 మార్చి 16న ఆగిపోయింది. తొమ్మిదో తరగతిలో నువ్వు బెంచీ మీద కూర్చున్నది 2021 ఫిబ్రవరి 1 నుంచి మార్చి 23 దాకా, ఏడు వారాలు. పదో తరగతి సెప్టెంబర్‌లో మొదలైంది, జనవరిలో మూడు వారాలు పోయింది. నువ్వు మరిచిపోలేదు. నీకు చెప్పలేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. నవ్వేవాళ్లకూ చెప్పలేదు, అందుకే నవ్వుతున్నారు.

ఈసారి, అంటే 2022లో, పదకొండు పేపర్లు కాదు, ఆరే. సిలబస్ కూడా 70 శాతమే. పదో తరగతి పుస్తకం పక్కన పెట్టి, ఓ పది రోజులు ఎనిమిదో తరగతి పుస్తకంలో కారణాంక విభజన చెయ్యి. అది రాకపోతే వర్గ సమీకరణాలు కొరుకుడు పడవు. ఋణ సంఖ్యల కూడికలు తడబడుతుంటే ఏడో తరగతి పుస్తకం తియ్యి, సిగ్గుపడకు. ఎదురింటి ఏడో తరగతి పిల్లకు చెప్పే వంకతో నువ్వు నేర్చుకో. నేను లెక్కలు నేర్చుకున్నది అలాగే, మా తమ్ముడికి చెబుతూ.

ఫోన్ సంగతి అన్నయ్యను అడగకు, అమ్మను అడుగు. రోజుకు గంట, టైము కట్టి. నీళ్ల సంగతి మీ హెచ్‌ఎంకు కాగితం మీద రాసి నలుగురు అమ్మాయిలు సంతకాలు పెట్టి ఇవ్వండి. మేడం కాకుండా సార్ అయితే టేబుల్ మీద పెట్టి వచ్చేయండి. ఏ హెచ్‌ఎం అయినా ఇది చదువుతుంటే, ఇవాళ మీ అమ్మాయిల బాత్రూంలోకి మీరే వెళ్లి కుళాయి తిప్పి చూడండి.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మా సొంతూరి హైస్కూల్లో ఆడపిల్లల ఆన్‌లైన్ చదువు కోసం స్నేహితులం కలిసి ఇరవై ట్యాబ్‌లు పంపాలనుకుంటున్నాం. ఏ కంపెనీవి మంచివి?

పైన అమ్మాయి ఉత్తరం చదివారా? ట్యాబ్‌లు పంపకండి. అవి హెచ్‌ఎం బీరువాలో తాళం వేసి ఉంటాయి, పోతే తన మెడకు చుట్టుకుంటుందని ఆమె భయం. ఆ భయం తప్పూ కాదు. ఇంటికిస్తే అన్నయ్యకు చేరుతుంది. ఆ డబ్బుతో బోరు మోటారు, ట్యాంకు, ఆడపిల్లల బాత్రూంలో కుళాయి పెట్టించండి. మిగిలితే ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒకమ్మాయికి నెల జీతమిచ్చి సాయంత్రం లెక్కలు, ఇంగ్లీషు చెప్పించండి. 2020లో బడులు మూశాక విద్యా వాలంటీర్లను (తాత్కాలిక టీచర్లను) రెండేళ్లయినా మళ్లీ తీసుకోలేదు. వాళ్లలో ఎవరో ఒకరు మీ ఊళ్లోనే ఉండి ఉంటారు. డబ్బు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఖాతాకు పంపండి. హెచ్‌ఎంను ఫొటోలు పంపమని మాత్రం అడగకండి.

ప్రైవేటు బడిలో ఫీజు బాకీ ఉంది. మా పాప ఏడో తరగతి. గవర్నమెంటు బడిలో చేరుద్దామంటే టీసీ ఇవ్వం అంటున్నారు. బాబు అదే బడిలో ఐదో తరగతి, వాణ్ణి అక్కడే ఉంచుతాం.
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్

ఎనిమిదో తరగతి దాకా టీసీ లేదని ఏ ప్రభుత్వ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు. విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ చూడమని హెచ్‌ఎంతో చెప్పండి. రేపే చేర్పించండి.

బాబు విషయం మీరు అడగలేదు. కానీ నాకొచ్చిన ఇలాంటి ఉత్తరాల్లో కొడుకును మాన్పించి కూతుర్ని ప్రైవేటులో ఉంచినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను కేజీబీవీ (కస్తూర్బా ఆడపిల్లల హాస్టల్ బడి) స్పెషల్ ఆఫీసర్‌ని. సెలవుల తర్వాత మూడో వంతు పిల్లలు తిరిగి రాలేదు. హాస్టల్లో కరోనా అంటుకుంటుందని తల్లులకు భయం. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే నాకు వణుకు. మా సొంత పాప నాలుగో తరగతి, మా అమ్మ దగ్గర ఉంది, నెలకు రెండుసార్లు చూస్తాను. అందరూ 'మీరే ధైర్యంగా ఉండాలి' అంటారు. ఉండలేకపోతున్నానని ఎవరికి చెప్పాలి?

నాకు చెప్పావు కదమ్మా.

తల్లుల భయాన్ని కొట్టిపారేయకు. 2021లో హాస్టళ్లున్న బడులు తెరవడానికి హైకోర్టే ఒప్పుకోలేదు, అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. వాళ్లకు కావలసింది నీ హామీ కాదు, పిల్ల గొంతు. మొదటి రెండు వారాలు ప్రతి పిల్లా రోజు విడిచి రోజు ఇంటికి ఫోన్ చేసేలా చూడు. వచ్చిన ఆడపిల్లల తల్లుల్ని ఇద్దరు ముగ్గుర్ని ఆదివారం పిలిచి డార్మిటరీ, వంటగది, ఏఎన్‌ఎం (నర్సు) గది తిప్పి చూపించు. రాని పిల్లల తల్లులకు ఆ తల్లులే ఫోన్ చేసి చెబుతారు. నువ్వు వంద చెప్పినా అంత పనిచేయదు. పదిహేనేళ్లు నిండిన పిల్లలకు టీకా పడిందా చూడు. 2022 జనవరి 3న మొదలైంది, సావిత్రిబాయి ఫూలే జయంతి రోజున.

ఆమె పేరు వచ్చింది కాబట్టి చెబుతాను. 1848లో పుణేలో ఆడపిల్లల బడి నడిపిన సావిత్రిబాయి 1897లో ప్లేగులో పోయింది. కొడుకు వైద్యశాలకు రోగులను చేరవేస్తూ, ప్లేగు సోకిన ఒక పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చి, తనకూ అంటుకుని మార్చి 10న కన్నుమూసింది. ఏటా జనవరి 3న నేను ఈ కథ మైకు పట్టుకుని గర్వంగా చెప్పేదాన్ని. 2021 ఏప్రిల్, మే నెలల్లో మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే ఓం శాంతి మెసేజీలు. అందులో నాతో కలిసి పనిచేసిన ఇద్దరున్నారు. అప్పటి నుంచి ఆ కథను అలా చెప్పడం మానేశాను. ఇప్పుడు ఆమె నడిపిన బడి గురించే చెబుతాను. పిల్లల కోసం ప్రాణం పెట్టే హెచ్‌ఎం కాదు, వచ్చే ఏడాదీ అదే కుర్చీలో కూర్చునే హెచ్‌ఎం కావాలి మనకు.

కాబట్టి రాత్రి డ్యూటీ సీఆర్‌టీల (కాంట్రాక్టు టీచర్ల) మధ్య వంతులు వేయి, నీ పేరు కూడా ఒక వంతే. ఒళ్లు వెచ్చబడిన పిల్లను ముందు చూడాల్సింది ఏఎన్‌ఎం, నువ్వు కాదు. ఏ గంటకు ఎంత జ్వరం ఉందో ఆమె చేత పుస్తకంలో రాయించు. రాసి ఉంటే వణుకు తగ్గుతుంది, నాకు తగ్గింది. శనివారం సాయంత్రం మీ పాప దగ్గరికి వెళ్లు. లేదంటే పాపనే ఒక ఆదివారం కేజీబీవీకి తెచ్చుకో. అంతమంది అక్కల మధ్య దానికి పండగే. రాత్రి ఎనిమిదింటికి మా ఫోన్‌లోకి రా.

మా ఆవిడ హెచ్‌ఎం. రాత్రి పదకొండింటికి కూడా గ్రూపులో 'అర్జెంట్, వెంటనే వివరాలు పంపండి' అని మెసేజీలు. అన్నం ముందు కూర్చుని అంకెలు కొడుతుంటుంది. కరోనా ముందు ఇలా లేదు. మీరైనా చెప్పండి.
– ఒక భర్త, కరీంనగర్

ఆవిడకు చెప్పను, మీకే చెబుతాను. వంట ఎవరు చేస్తున్నారో మీరు రాయలేదు. ఆవిడే అయితే ఈ వారం నుంచి మీరు మొదలుపెట్టండి. పప్పు, చారు చాలు. తినేంతసేపు ఫోన్ మీ జేబులో పెట్టుకోండి. ఎంఈఓ ఆఫీసు నుంచి వస్తే ఎత్తి, 'మేడం అన్నం తింటున్నారు, అయ్యాక చేస్తారు' అని మర్యాదగా చెప్పి పెట్టేయండి. మొదటి రోజు ఆవిడ మిమ్మల్ని తిడుతుంది. మజ్జిగ పోయండి.